మా వాడ గాలి పంపిన రోజులు

మొదటి నమోదు: సోమవారం, పొద్దటి సైరన్ తర్వాత

పాత సామాన్ల గదిలో క్యాప్ లైట్లు దొరికాయి. బొగ్గు తవ్విన కాలంలో మా ముత్తాతలు వాటిని నెత్తిన పెట్టుకుని ఇదే సొరంగంలో నడిచారట. తీగలు పీలికలైపోయాయి గానీ అద్దాలు చెక్కుచెదరలేదు. నాతో చదివే నస్రీన్ ఒకదాన్ని చున్నీతో తుడిచి, కొత్త తీగ కలిపి వెలిగించింది. పసుపు వెలుగు పడి ఆమె ముక్కుపుడక మెరిసింది.

"ఇంటికొకటి ఇచ్చినా ఇంకా మిగుల్తయే కొంరీ!" అని అరిచింది.

అంటే మా ప్రదర్శన నిలబడినట్టే. నా పూర్తి పేరు కొమురవ్వ. నేల కింద కట్టిన మా అడుగూరు బడిలో చివరి తరగతి. ఈ ఏటి కళాప్రదర్శనకు నాయకురాలిని. ఈ వాక్యాన్ని నిన్నటి నుంచి ఎక్కడో ఒకచోట రాసుకోవాలని ఉంది. ఇక్కడ రాసేశాను.

విశాలాక్షి టీచర్ ఇచ్చిన విషయం: దత్తాంశంతో బొమ్మ. రంగుకు బదులు అంకె, కుంచెకు బదులు కొలత. రోజూ పని నమోదు రాయమన్నారు. "పని మాత్రమే రాయి, కవిత్వం వద్దు" అని కూడా అన్నారు. ప్రయత్నిస్తాను.

నేను ఎంచుకున్నది గాలి. పైన ఎండ మనిషిని నిలబడనివ్వదు కాబట్టి మేం కిందే పుట్టాం, కిందే పెరిగాం. పెద్ద పంకా తిరిగే పంకాఘర్ నుంచి బయలుదేరిన గొట్టం వాడవాడకూ చీలి ప్రతి ఇంటికీ గాలి తెస్తుంది. ఏ ఇల్లు ఏ పూట ఎంత గాలి తీసుకుందో అక్కడి యంత్రం రాసుకుంటూనే ఉంటుంది. ఆ అంకెల్ని ఎవరూ చూడరు. నేను చూపిస్తాను. హాలు గోడ మీద ఇంటికొక దీపం పెడతాం. గాలి పెరిగితే వెలుగు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. గోడ నడుమ పెద్ద దీపం హాలుది. గడిచిన ఏడాదిని ఒక గంటలో నడిపిస్తాం. గంట అయ్యాక గోడ 'ఇప్పుడు'లోకి వస్తుంది. ఆ క్షణాన ఊరు ఎలా ఊపిరి తీస్తుంటే దీపాలు అలా వెలుగుతాయి.

ప్రదర్శనకు 'గవాక్షం' అని పేరు పెట్టాను. నిఘంటువులో దొరికింది. కిటికీ అని అర్థం. మా ఊళ్లో ఎవరింటికీ కిటికీ లేదు. గోడకు కన్నం పెడితే రాయే కనిపిస్తుంది. అందుకే ఆ మాట ఇంకా ముద్దొచ్చింది.

అంకెలు చూసే సాయిలు మొహం చిట్లించాడు. "నోరు తిరుగుతలేదే. 'గాలి బొమ్మ' అని పెట్టరాదు?"

"నీ నోటికి తిరిగే మాటలతోనే పేర్లు పెడితే ఊరంతటికీ 'అన్నం' అనే పేరుంటది" అంది నస్రీన్.

రెండో నమోదు: మంగళవారం

గాలి సంఘం పెద్ద పోశెట్టి దగ్గరికి అనుమతికి వెళ్లాం. నాకు వరసకు పెద్దబాపు, అంటే పెదనాన్న. పంకాఘర్‌లో మా బాపుకు పైఅధికారి కూడా కాబట్టి ఇంట్లో ఆయన పేరొస్తే బాపు గొంతు దానంతటదే తగ్గుతుంది.

"గాలిని బొమ్మ గీస్తవా బిడ్డా? గాలి కనవడ్తదా?"

"కనవడేటట్టు చేస్తం పెద్దబాపూ."

"మీ బాపు గూడ గట్లనే అంటడు. పంకా పాడయ్యేది నాకు ముందే కనవడ్తది అంటడు. పాడైనంక కనవడ్తది."

నవ్వాం. ఏడాది అంకెలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. హాలుకు మాత్రం షరతు పెట్టాడు. తలుపు పక్కన గాలిముల్లు ఉంటుంది: పచ్చ, పసుపు, ఎరుపు. సగం హాలు కంటే ఎక్కువ మందిని పంపకూడదు. ముల్లు ఎరుపు తాకిందా, అందరూ బయటికి, ప్రదర్శన బంద్.

లేవబోతుంటే ఆయనే ఆపాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఇంకొక ముచ్చట. మీ ప్రదర్శన దినమే పై కార్యాలయం నుంచి హరిణి మేడమ్ దిగుతది. గాలిచెవులన్నీ తీసేసి తాళం పెట్టెలు బిగిస్తరట. ఎవలింటికి ఎంత గాలి పోవాల్నో పెట్టెనే చూసుకుంటది. మన చెయ్యి తాకే పనే ఉండదు."

గాలిచెవి అంటే ప్రతి ఇంటి గడపకు పైన, తలుపు ఎత్తున పోయే గొట్టానికి బిగించిన ఇత్తడి పిడి. నాకు స్టూలు ఎక్కడం వచ్చిన వయసు నుంచీ మా ఇంటి గాలిచెవి తుడిచే పని నాదే.

"ఎందుకు తీసుడు?" అని అడిగింది నస్రీన్.

"మన లెక్కలు చూసిండ్రు. నడుమ నడుమ తేడాలున్నయట. చెవులు తిప్పి ఎవలో గాలి దొంగతనం చేస్తున్నరని వాళ్ల అనుమానం. ఇంకో అడుగూర్ల గట్లనే ఎవలో తిప్పితె చివరి వాడకు గాలందక ముసలోళ్లు పడిపోయిండ్రట. ఆమె భయం ఆమెది."

దారి పొడుగునా, మా ఊళ్లో దొంగలెవరా అని నేను ప్రతి గడప వైపూ చూస్తూ నడిచాను.

మూడో నమోదు: బుధవారం

సాయిలు ఏడాది గాలిని తెర మీద పరిచాడు. ఇంటికొక గీత. ప్రతి గీతా నున్నగా పోతూ పోతూ ఉన్నట్టుండి గుంటలో పడుతుంది. కొన్నిచోట్ల గుంటకు బదులు గుట్ట లేస్తుంది.

"గిదంత దుమ్మే. బొగ్గుపొడి కొలత కన్నుల వడితె అంకె తప్పుతది. సాఫ్ చేస్తే అయిపాయె."

"చెయ్" అన్నాను. సాయంత్రానికి గుంటలు పూడాయి, గుట్టలు చదునయ్యాయి. దొంగతనంలాంటిది ఏదైనా ఉంటే అదీ కనపడకుండా పోతుందని లోలోపల సంతోషించాను కూడా. గీతలన్నీ దువ్విన జుట్టులా ఉన్నాయి. 'శుద్ధి' అనే మాటను ఇవాళ ఎన్నిసార్లు వాడానో. పని చాలా బాగా జరిగింది.

నాలుగో నమోదు: శుక్రవారం

పని బాగా జరగలేదు.

దీపాలన్నీ గోడకు ఎక్కించి మొదటిసారి ఏడాదిని నడిపించాం. గంట సేపు చూశాం. పొద్దున కొంచెం పెరుగుతాయి, పడుకునే వేళకు కొంచెం తగ్గుతాయి, మళ్లీ పెరుగుతాయి. అన్నీ ఒకేలా. టీచర్ చేతులు కట్టుకుని మర్యాదగా చూశారు. ఆ మర్యాద చూసే పని చెడిందని నాకు తెలిసింది.

"కార్యాలయం వరండాలా ఉంది కొమురవ్వా. శుభ్రంగా ఉంది" అని వెళ్లిపోయారు.

నస్రీన్ మాత్రం గోడ ముందే నిలబడి ఉంది.

"మా అక్క నిఖా ఏదే?"

"ఏం నిఖా?"

"చలికాలంల మా ఇంట్ల నిఖా అయింది గదా. ఇంటినిండ జనం. మా దీపం గుప్పుమనాలె. నేను దానికోసమే చూస్తున్న. అసలు వెలగనే లేదు."

సాయిలు శుద్ధి చెయ్యని అంకెలు తీశాడు. ఆ రోజు దగ్గరికి నడిపించాడు. నస్రీన్ వాళ్ల దీపం గుప్పున వెలిగింది. అదే క్షణంలో దాని కుడి పక్క దీపం మసకబారింది. ఎడమ పక్కది మసకబారింది. ఎదుటి వరస, వెనక వరస, ఒకదాని తర్వాత ఒకటి, ఎవరో నెమ్మదిగా దుప్పటి కప్పుతున్నట్టు వాడంతా మసకబారింది. ఆ చీకటి నడుమ ఒక్క ఇల్లు ధగధగలాడుతోంది.

కుడి పక్క దీపం మా ఇల్లు. ఆ రోజు స్టూలు ఎక్కింది నేనే. గాలిచెవిని పావు వంతు తిప్పింది నా చెయ్యే.

ఇది నమోదులో రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ పని గురించే కాబట్టి రాస్తాను. ఎవరింట్లోనైనా జనం చేరితే గొట్టం గొంతు మారుతుంది. లావుగా ఊదే గాలి సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల వినగానే వాడలో ప్రతి ఇంటివాళ్లూ తమ గాలిచెవిని కాస్త బిగిస్తారు. వీళ్లు తగ్గించుకున్న గాలి అక్కడికి పోతుంది. పెళ్లికి, పురుడుకి, చావుకి. ఎవరూ అడగరు. ఎవరూ చెప్పరు. దీన్ని గాలి పంపుడు అంటాం. చెంబు కడిగినంత మామూలు పని. అంత మామూలు పని కాబట్టే, అది అంకెగా ఎదురొస్తే మేం ముగ్గురం దుమ్ము అనుకున్నాం.

"గుంటలన్నీ మనోళ్లే కొంరీ" అన్నాడు సాయిలు. వాడి గొంతు ఎప్పుడూ అలా వినలేదు. "ఏడాది మొత్తం మనోళ్లే. నేను సాఫ్ చేసిన."

అప్పుడే పెద్దబాపు హాలు చూసుకోవడానికి వచ్చాడు. మళ్లీ నడిపించి చూపించాం. ఆయన చూసి సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం బొగ్గయింది.

"బందు చెయ్యిండ్రి. పై కార్యాలయం దొంగతనం అన్నది గీ గుంటలనే. గిది గోడ మీద పెడితె మన చెవులు మనమే తెంపిచ్చినట్టు. నున్నగ చేసిన్రు గదా, గదే చూపియ్యిండ్రి. ముద్దుగున్నది."

ఐదో నమోదు: శనివారం

టీచర్‌ను అడిగాను. "నాయకురాలివి నువ్వు" అన్నారు. పెద్దవాళ్లు ఇలా అన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఇవాళ రాలేదు.

ఆలోచించాను. నున్నటి గోడ చూపిస్తే మేడమ్ మెచ్చుకుంటుంది. కానీ ఆమె దగ్గర అసలు లెక్కలు ఉండనే ఉన్నాయి. వాటిలో గుంటలు గుంటలుగానే ఉంటాయి, వాటి పేరు దొంగతనంగానే ఉంటుంది. చెవులు పోతాయి. గుంటలు చూపిస్తే, అవేమిటో చెప్పగలిగితే, పోకపోవచ్చు. పోవచ్చు కూడా. చూపించకపోతే మాత్రం తప్పకుండా పోతాయి.

కాబట్టి ఇంటింటికీ వెళ్లి ఎవరెప్పుడు గాలి పంపారో చెప్పమని, గోడ పక్కన పేర్లు రాస్తామని అడిగాం. మొదటి గడపలోనే దెబ్బ తగిలింది.

"ఇచ్చింది చెప్పుకుంటరానే?" అంది శంకరమ్మత్త. "మీ అమ్మ నీకు గిదే నేర్పిందా?"

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో తలుపే వేసుకున్నారు. ఒక తాతయితే "నేనెన్నడు తిప్పలే, మా ఇంటి చెవి తుప్పు పట్టింది" అన్నాడు. ఆయన వెనక గడప మీద గాలిచెవి అద్దంలా మెరుస్తోంది.

అలిసిపోయి ఇంటికొచ్చాను. నానమ్మ మంచం దిగలేని మనిషి కాబట్టి అమ్మ ఇల్లు కదలదు. ఆమెకు గంజి తాగిస్తూనే నా గోడు అంతా విన్నది.

"నువ్వు అడిగిందే తప్పు బిడ్డా. ఇచ్చినోళ్లను అడిగితె ఎవలు చెప్తరు?"

"మరెవల్ని అడగాలె?"

"పుచ్చుకున్నోళ్లని. ఇచ్చినోడు చెప్పుకోవద్దు. పుచ్చుకున్నోడు చెప్పుకుంటె ఎవలు వద్దంటరు?"

గంజి చెంచా పట్టుకుని, పెదాలు తుడుస్తూ, ఎంత తేలిగ్గా అన్నదో! నేను ఇన్ని మాటలు పోగేసుకుంటున్నాను గదా, ఈ రెండు మాటలు నాకెందుకు తట్టలేదో.

ఆరో నమోదు: సోమవారం

మళ్లీ అవే గడపలు. ఈసారి అడిగింది వేరు: "మీ ఇంటికి ఎప్పుడన్నా గాలొచ్చిందా?"

తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కసారి తెరుచుకున్నాక మూసుకోలేదు, అదే ఇబ్బంది. శంకరమ్మత్త కోడలి పురుడు ముచ్చట మొదలుపెట్టి మంత్రసాని వేసుకున్న చీర రంగు దాకా వెళ్లింది. తుప్పు తాత, తనకు జ్వరం వచ్చి ఊపిరాడని రోజుల్లో గొట్టం ఎంత లావుగా ఊదిందో నోటితో ఊది చూపించాడు. నస్రీన్ వాళ్ల అమ్మ మాకు సేమియా పెట్టి పంపింది. సాయిలు రెండుసార్లు తిన్నాడు.

ఇచ్చిన ఇళ్ల దీపాల కింద ఏ పేరూ ఉండదు. వెలిగే దీపం ఇంటివాళ్లు మాత్రం తమ రోజు వచ్చినప్పుడు నిలబడి ఒక మాట చెప్తారు. ఇదీ ఏర్పాటు.

చివరికి పెద్దబాపు ఇంటికి వెళ్లాం. నేను అడగలేదు. ఎండాకాలంలో పెద్దమ్మ పోయిన రోజును సాయిలు గోడ మీద నాకు ముందే చూపించాడు. ఆ రోజు ఒక్క వాడ కాదు, ఊరు మొత్తం మసకబారింది.

ఆయన గడప మీది చెవి వైపు చూశాడు.

"ఆ దినం గీ ఇంట్ల కాలు పెట్ట సందు లేకుండె. ఒక్కలు గూడ ఊపిరాడుతలేదని బయటికి పోలే. నేను అది తలుసుకోలే. తలుసుకునే తెలివి లేకుండె ఆ దినం." నా చేతిలోని పుస్తకం చూపించాడు. "నా పేరు గూడ రాసుకో. ఆ మేడమ్ ముంగట నేనే చెప్త. కానీ హాలు మాత్రం సగమే. ఒక్క మనిషి ఎక్కువైనా నేనే బంద్ చేయిస్త, చెప్తున్న."

ఏడో నమోదు: బుధవారం, ప్రదర్శన రోజు

ఇది ఇంటికొచ్చాక రాస్తున్నాను. వరసగా రాస్తాను.

హరిణి మేడమ్ లిఫ్టు దిగినప్పుడు ఆమె వెనక మనుషులు చెక్కపెట్టెలు మోసుకొచ్చారు. తాళం పెట్టెలు. వాటిని హాలు బయట వరసగా పేర్చారు. ఆమె నాకు నమస్కారం పెట్టింది. నాకంటే ముందు పెట్టింది. 'గవాక్షం' అని రాసిన పలకను చదివి, "మంచి పేరు" అంది. సాయిలు వైపు చూశాను. వాడు పైకప్పు చూస్తున్నాడు.

ఏడాది మొదలైంది. మొదటి పురుడు వచ్చింది. శంకరమ్మత్త కోడలు బిడ్డను చంకనెత్తుకుని నిలబడింది. "వీడు పుట్టిన దినం మాకు గాలొచ్చింది" అంది. అంతే చెప్పి కూర్చుంది. అత్త పక్క నుంచి చీర రంగు అందించబోతే కొంగు పట్టి లాగింది. హాలంతా గొల్లున నవ్వింది. తర్వాత తుప్పు తాత. తర్వాత నస్రీన్ వాళ్ల అక్క, అత్తగారింటి నుంచి దీనికోసమే వచ్చింది.

మేడమ్ రాసుకోవడం ఆపేసింది. దీపం వెలిగినప్పుడల్లా ఆమె దాన్ని చూడడం లేదు, చుట్టూ మసకబారుతున్న దీపాలను చూస్తోంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, తమ వంతు చెప్పినవాళ్లు బయటికి పోవాలి, కొత్తవాళ్లు లోపలికి రావాలి. అలా అనుకున్నాం. ఒక్కరు కూడా పోలేదు.

"మీదైపోయింది గదా, జెర బయటికి పో మామా" అని సాయిలు బతిమాలుతుంటే, "పక్కింటోళ్ల దినం రానీ, చూసి పోత" అంటారు. పక్కింటివాళ్లదైతే ఎదుటింటివాళ్లది. కొత్తవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. "మా దినం పోతది, జరుగు" అని తోసుకుంటూ వస్తున్నారు. తలుపు దగ్గర నస్రీన్ చేతులు చాచి నిలబడితే చేతుల కిందుగా దూరారు.

ఎండాకాలంలో పెద్దమ్మ పోయిన రోజు గోడ మీదికి రాగానే పెద్దబాపు లేచాడు. ఆయన చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. ఆయన చెప్పినంత సేపూ మేడమ్ నిలబడే ఉంది. ఆయన కూడా హాలు బంద్ చేయించే సంగతి మర్చిపోయాడు.

ముల్లు పసుపు దాటబోతోందని ముందుగా చూసింది మేడమే.

ఏడాది అయిపోయింది, గోడ 'ఇప్పుడు'లోకి వచ్చింది. అన్ని దీపాలూ సమంగా వెలుగుతున్నాయి, పొద్దున మామూలుగా వెలిగినట్టు. నాకు చెవుల్లో హోరు మొదలైంది. ఎవరో పిల్ల ఏడుపు అందుకుంది. పైన గొట్టం సన్నగా ఈల వేస్తోంది.

"అందర్నీ బయటికి పంపండి, వెంటనే" అంది మేడమ్. గొంతు పెంచలేదు గానీ మొహం తెల్లబోయింది. "పోశెట్టి గారూ, చూశారా? నేను భయపడేది దీనికే. మనుషుల చేతుల్లో పెడితే జరిగేది ఇదే."

తలుపు ఒక్కటే. జనం గోడలా ఉన్నారు. ఒక్కసారి తోసుకుంటే ఏమవుతుందో నాకు కనిపించింది. నా ప్రదర్శన, ఊరి గాలిచెవులు, రెండూ ఆ ముల్లు మీద ఉన్నాయి. అది ఎరుపు వైపు జరుగుతోంది.

అప్పుడు గోడ మీద ఒక దీపం మసకబారింది.

మూడో వాడ, నస్రీన్ వాళ్ల కుడి పక్క. మా ఇల్లు.

తర్వాత దాని కింద ఒకటి. ఎవరిదో చూసేలోపు ఆ వరసలోనే మూడు. రాత్రి పాళీ చేసి పడుకున్నవాళ్ల ఇళ్లు, కాళ్లు రానివాళ్ల ఇళ్లు, బాలింతల ఇళ్లు. ప్రదర్శనకు రాలేకపోయిన వాళ్లందరివీ. గొట్టం ఈల వాళ్లకు వినిపించింది. వాడ తర్వాత వాడ గోడ చీకటవుతూ వచ్చింది. నడుమ హాలు దీపం పెరుగుతూ పెరుగుతూ చూడలేనంత తెల్లగా వెలిగింది. పైన ఈల తెగి, గొట్టం లావుగా ఊదడం మొదలుపెట్టింది. నా నుదుటి మీది వెంట్రుకలు లేచాయి.

ఎవరూ తోసుకోలేదు. అందరూ తలలెత్తి గోడనే చూస్తున్నారు. ఎవరి ఇల్లు ఏదో అందరికీ తెలుసు. ఒక్కరు కూడా వేలు పెట్టి చూపించలేదు.

ముల్లు ఆగింది. పసుపులోకి వెనక్కి వచ్చింది. పచ్చను తాకింది.

"ఎవరు ఆజ్ఞ ఇచ్చారు?" అని అడిగింది మేడమ్.

"ఎవలియ్యాలె మేడమ్?" అన్నాడు పెద్దబాపు. ఆయన నిజంగానే అడిగాడు. ఆమె ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు.

ఆమె నా వైపు తిరిగింది. "ఇది మీ ప్రదర్శనలో భాగమా? మళ్లీ చూపించగలవా?"

"లేదండీ" అన్నాను. "గంట వరకే మేం నడిపింది. తర్వాతది మేం కాదు."

ఆమె దీపాల వరసలు ఒక్కొక్కటీ చూస్తూ నడిచింది. చివరి వాడ వరసలో ఒక దీపం మిగతావాటికంటే బాగా తగ్గిపోయి ఉంది. దాని దగ్గరికి వెళ్లి, "ఈ ఇంట్లో ఎవరున్నారు?" అంది. ఒక్క ముసలామె ఉంటుందని, మరీ ఎక్కువ తిప్పేస్తుందని, చెప్పినా వినదని పెద్దబాపు ఒప్పుకున్నాడు. హాలులో నవ్వులు మొదలయ్యాయి గానీ మేడమ్ నవ్వలేదు.

"ఈమె కోసం చివరి వాడలో ఒక గంట పెడతాను. గాలి మరీ తగ్గితే మోగుతుంది. మీరు వెళ్లి వెనక్కి తిప్పాలి. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటం."

బయటికి నడిచింది. పెట్టెలు విప్పుతున్న మనుషులతో అన్న మాట తలుపు దగ్గర నిలబడ్డ నస్రీన్ విన్నది. విని, హాలులోకి పరుగెత్తుకొచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"మేకులు మళ్ల కొట్టిస్తుందే! పెట్టెలన్నీ వాపస్!"

సాయిలు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుని, బొగ్గుపొడి పడిందన్నాడు. విశాలాక్షి టీచర్ వచ్చి నా నమోదు పుస్తకం అడిగారు, తెరిచి రెండు పుటలు చదివారు. నేను కవిత్వం గురించి తిట్టు కోసం ఎదురుచూశాను. ఆమె పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశారు. "ఇవాళ్టిది కూడా రాయి. ఏమీ వదలకు" అన్నారు.

ఎనిమిదో నమోదు: అదే రోజు, ఇంట్లో

ఇంటికి నేను ఎప్పుడూ ఇలా నడవలేదు. తల పైకెత్తి, సొరంగం కప్పు చూసుకుంటూ. ప్రతి గడప మీదా ఇత్తడి మెరుస్తోంది. దారిలో అందరూ "మంచిగ చేసినవే పిల్లా" అన్నారు. నేను 'మేం చేశాం' అని దిద్దుతూ వచ్చాను. నాకు గర్వంగా ఉంది. ఈ మాటకు ఇంకో మాట వెతకను.

అమ్మ నానమ్మ కాళ్లకు నూనె రాస్తోంది. స్టూలు గడప దగ్గరే ఉంది, ఇంకా లోపల పెట్టలేదు.

"ఎట్లయింది?" అంది తల ఎత్తకుండానే.

"మంచిగైంది. చెవులు తీస్తలేరు."

"మంచిదే."

నేను నిలబడ్డాను. దండం పెట్టాలనిపించింది. మా ఊళ్లో గాలి పంపినవాళ్లకు దండం పెట్టరు. పెడితే తిట్టినట్టే. కానీ ఇవాళ పుచ్చుకున్నది నేను. పుచ్చుకున్నవాళ్లు చెప్పుకోవచ్చని నాకు చెప్పింది ఆమే.

"అమ్మా, ఇయ్యాల మా హాలుకు గాలొచ్చింది. ఊరు మొత్తం నుంచి వచ్చింది. అందరికంటే ముందు మూడో వాడ నుంచి, ఒక ఇంటి నుంచి వచ్చింది."

అమ్మ చెయ్యి నానమ్మ కాలి మీద ఒక్క క్షణం ఆగింది. ఆమె పెదాల చివర నవ్వు కదిలింది. గట్టిగా బిగబట్టుకుంది.

"ఎవలింటి నుంచో మాకేం ఎరుక" అంది. "చేతులు కడుక్కో. అన్నం సల్లారిపోతున్నది."